కోటమ్మ తల్లికి సగం అద్దె

ఆ రాజ్యం పేరు నన్నడక్కండి. చెబితే ఇప్పటికీ అక్కడివాళ్ళకి ఒళ్ళు మండుతుంది. ఏదో ఒక కాలంలో, ఏదో ఒక కొండకింద, ఒక రాజ్యం ఉండేదనుకోండి, చాలు. రాజు పేరు మాత్రం చెప్పకపోతే కుదరదు. శ్రీశ్రీశ్రీ వీరప్రచండ గజరాయ భూపతి. కొలువులో ఎవరైనా తొందరలో ఒక శ్రీ మింగేస్తే మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవాడట. మనకంత ఓపిక లేదు గనక గజరాయుడు అనుకుందాం.

మనిషి చెడ్డవాడు కాదండీ. గొప్పల పిచ్చి, అంతే.

ఒకసారి పొరుగురాజు చుట్టపుచూపుగా వచ్చాడు. ఇద్దరూ ఏనుగు మీద ఊరేగుతున్నారు. కోట దాటగానే కాలవ అవతల పెంకుటిళ్ళు, తాటాకు ఇళ్ళు కనిపించాయి. పొరుగురాజు మెడ సాచి చూసి, "కోట దివ్యంగా ఉంది గానీ, ఆ కోళ్ళగూళ్ళేమిటండీ?" అన్నాడు.

"అవి మా కొలువువాళ్ళ ఇళ్ళు," అన్నాడు గజరాయుడు.

"ఓహో!" అన్నాడు పొరుగురాజు. ఇంకేమీ అనలేదు.

ఆ "ఓహో"తో గజరాయుడికి నిద్ర పట్టలేదు. పొరుగురాజు అటు వెళ్ళాడో లేదో, ఇటు మేస్త్రీలు దిగారు. ఏనుగు మీంచి చూస్తే ఆ పాత ఇళ్ళు కనబడకుండా వాటికి అడ్డంగా ఒక వీధి లేచింది. రెండంతస్తుల మేడలు, చెక్కిన స్తంభాలు, ముందు వసారాలు. దానికి మేడవీధి అని పేరు పెట్టారు. కొలువులో పనిచేసే ప్రతివాడూ పెళ్ళాం బిడ్డలతో అందులోకి మారాలని చాటింపు వేశారు.

అందరూ సంబరపడ్డారు. ఆ సంబరం మర్నాటి కొలువుదాకా నిలిచింది.

మేడలు కట్టేసరికి ఖజానా ఖాళీ అయింది. గజరాయుడు మంత్రి విరూపాక్షయ్యని పిలిచి, "ఈ ఇళ్ళకి అద్దె పెట్టాలి. ఎంత పెడదాం?" అని అడిగాడు. విరూపాక్షయ్య పెద్ద చదువరి. దేన్నయినా తర్కంతో తేల్చేవాడు. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, మనిషి రోజులో సగం కొలువులో ఉంటాడు, సగం ఇంట్లో ఉంటాడు. కనుక జీతంలో సగం వాడిది, సగం ఇంటిది. ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఆహా!" అన్నాడు గజరాయుడు. ఆయనకి అర్థమయ్యే తర్కం దొరికితే ఆనందం పట్టలేకపోయేవాడు.

వెంటనే శాసనం రాయించారు. "తనది కాని ఇంట ఉండువాడు తన రాబడిలో సగము ఆ ఇంటివారికి చెల్లించవలెను. చెల్లించనివాడు కట్టుబట్టలతో రాజ్యము విడిచి పోవలెను." సేనాపతి లేచి, తనలాంటి పెద్దలకి కాస్త మినహాయింపు ఉంటే బాగుంటుందని నసిగాడు. గజరాయుడికి కోపమొచ్చింది. "ఎంతటివాడైనను సరే అని కలపండి! మా శాసనానికి పెద్దాచిన్నా లేదు," అన్నాడు. అలాగే కలిపి, రాతి మీద చెక్కించి, మేడవీధి మొదట్లో నిలబెట్టారు.

కొలువులో కొండుభొట్లు అని ఒకడున్నాడు. ఆయన ఉద్యోగం ఏమిటో ఆయనకే సరిగా తెలియదు. పొద్దున పంచాంగం చదివేవాడు. రాజుగారికి విసుగొస్తే కబుర్లు చెప్పేవాడు. రాజుగారితో చెప్పలేని మాట ఏదైనా చెప్పాల్సొస్తే అందరూ కలిసి ఆయన్నే ముందుకి తోసేవారు. ఆ రోజూ తోశారు.

"ప్రభూ," అన్నాడు కొండుభొట్లు, "ఇంట్లో ఉండే ఆ సగంలోనే అన్నం తినడం కూడా ఉంటుందాండీ?"

"ఉంటుంది. అయితే?"

"ఏం లేదు. తెలుసుకుందామని."

విరూపాక్షయ్య ముక్కుతో నవ్వాడు. కొలువు ముగిసింది.

అక్కడ జీతాలు ధాన్యంగానే కొలిచేవారు. నెల మొదట్లో అందరూ గంపలు పట్టుకుని రాజుగారి గాదెల దగ్గర వరసలో నిలబడేవారు. శాసనం వచ్చాక కొలతగాడు ఒక కుంచం మీ గంపలో పోసేవాడు, రెండో కుంచం మళ్ళీ గాదెలోకే పోసేవాడు. "నీకొకటి, ఇంటికొకటి," అంటూ పాటలాగా పాడేవాడు దౌర్భాగ్యుడు. కళ్ళముందే తిరిగి గాదెలో పడుతున్న వడ్లు చూస్తూ నిలబడటం ఎంత కష్టమో నిలబడినవాళ్ళకే తెలుసు.

కొండుభొట్లు భార్య రవణమ్మ ఆ సగం గంప చూసి, "మిగతాది వెనకాల బండిలో వస్తోందా?" అని అడిగింది.

"మిగతాది ఇల్లు తినేసిందే," అన్నాడాయన.

"ఇంటికి నోరుందా?"

"మన నాలుగు నోళ్ళకంటే పెద్దదుంది."

రవణమ్మ కొంగు బిగించింది. కాలవ అవతల గానుగ లచ్చయ్య పెంకుటింట్లో ఉన్నప్పుడు నెలకి రెండు కుంచాలు అద్దె. మిగిలినదాంట్లో తిండి, బట్ట, వచ్చేపోయే చుట్టాలు, పిల్లలకి జ్వరమొస్తే మందు, అన్నీ గడిచేవి. పైగా కాస్త వెనకేసుకునేది కూడా. ఇప్పుడు నాలుగు గదులు, రెండు వసారాలు, పైన మేడ. పొద్దున్నే చీపురు పడితే పొద్దెక్కేదాకా ఊడుపే. దీపాలకి నూనె చాలదు. పండక్కి సున్నం కొట్టించాలంటే పప్పుకుండ ఖాళీ చెయ్యాలి. చారులో చింతపండు తప్ప మరేమీ కనిపించని రోజులొచ్చాయి.

"ఎవడైనా ముందు కడుపు చూసుకుని తర్వాత ఇల్లు చూసుకుంటాడు," అంది ఆమె. "ముందు మేడ ఎక్కి, ఆ తర్వాత పప్పుకి వెతుక్కునేవాళ్ళని మన దగ్గరే చూశాను."

అదే వీధిలో సన్నాయి నూకయ్య ఉండేవాడు. తెల్లవారుజామున కోట గుమ్మం మీద భూపాలం వాయించి రాజుగారిని లేపడం అతని పని. జీతం చిన్నది, ఇంట్లో నోళ్ళు ఎక్కువ. వచ్చిన సగం గంప సగం నెలకే అయిపోయింది. పిల్లల ఆకలి చూడలేక నూకయ్య తన సన్నాయి తీసుకెళ్ళి షావుకారు దగ్గర తాకట్టు పెట్టి బియ్యం తెచ్చాడు.

మర్నాడు ఎండ ముఖాన కొట్టేదాకా గజరాయుడు లేవలేదు. లేచి చూసేసరికి పొద్దు బారెడెక్కింది. ఒళ్ళు తెలియని కోపంతో నూకయ్యని పిలిపించాడు.

"సన్నాయి ఏదిరా?"

"లేదు బాబూ. తినేశాం."

"సన్నాయిని తిన్నావా?"

"తాకట్టు పెట్టి తిన్నాం బాబూ."

గజరాయుడికి ఇది ఎగతాళిలా వినిపించింది. "దసరానాడు కోటమ్మ తల్లి గుడి ముందు నీ సన్నాయి మోగాలి. మోగకపోతే ఆ సాయంత్రమే నువ్వూ నీ సంసారమూ పొలిమేర దాటాలి. పో!" అన్నాడు.

నూకయ్య తిన్నగా కొండుభొట్లు ఇంటికొచ్చి వసారాలో కూలబడ్డాడు. "మా తాత వాయించిన గుమ్మం అయ్యగారూ అది. మా నాన్న వాయించాడు. నన్ను పొమ్మంటున్నారు. ఎక్కడికి పోను?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొండుభొట్లు అతని పక్కనే చతికిలబడ్డాడు. చమత్కారం ఒక్కటీ నోటికి రాలేదు.

"దసరాదాకా ఓపిక పట్టరా," అని మాత్రం అన్నాడు.

అప్పుడు రవణమ్మ వంటింట్లోంచి మజ్జిగ చెంబుతో వచ్చింది. నూకయ్యకి మజ్జిగ పోస్తూ, "అందరినీ అద్దె కట్టమని చంపుతున్నారు సరే, రాజుగారు కడుతున్నారా? కోటంత ఇంట్లో ఉంటున్నారుగా!" అంది కసిగా.

కొండుభొట్లు తలెత్తాడు. "ఏమన్నావ్?"

"ఏదో కడుపుమంటకొద్దీ అన్నాలెండి."

"కాదే, మళ్ళీ అను!" అని ఆయన గట్టిగా నవ్వాడు. నూకయ్య బిత్తరపోయి చూశాడు. కొండుభొట్లు అతని భుజం తట్టి, "నువ్వు వెళ్ళి నిశ్చింతగా ఉండు. దసరానాడు ఉత్త చేతులతోనైనా సరే, గుడి ముందు నిలబడు," అన్నాడు.

దసరా వచ్చింది.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉంది. కోట కట్టినవాడు, గజరాయుడి తాతగారి తాతగారు, కోటమ్మ తల్లికి మొక్కుకుని ఆ నేల మీద పునాది వేశాడట. అందుకని కోట అమ్మదే. రాజు అందులో ఉంటాడు, అంతే. ప్రతి దసరాకీ రాజు కిరీటం తీసి, చెప్పులు విడిచి, కోట తాళాల గుత్తి తెచ్చి అమ్మ పాదాల దగ్గర పెడతాడు. పూజారి ప్రశ్నలు వేస్తాడు, రాజు జవాబు చెప్పి ఒక కొబ్బరికాయ ఇస్తాడు. పూజారి కాయ కొట్టి తాళాలు తిరిగి ఇస్తాడు. ఇది చూడ్డానికి ఊరంతా వస్తుంది. రాజుగారికి కూడా ఈ పండగంటే సరదా. ఎంత వినయంగా ఉన్నానో అందరూ చూస్తారు కదా అని ఆయన మురిసిపోయేవాడు.

ఆ ఏడూ పట్టుపంచె కట్టి, కిరీటం మంత్రి చేతికిచ్చి, గజరాయుడు గుడి ముందు చేతులు జోడించాడు. పూజారి గంగన్న గట్టిగా అడిగాడు.

"ఎవరిదయ్యా ఈ కోట?"

"అమ్మది."

"మరి నువ్వెవరు?"

"అమ్మ ఇంట ఉండేవాణ్ణి."

"ఏడాదంతా ఉన్నావు. అమ్మకేం తెచ్చావు?"

"కొబ్బరికాయ తెచ్చాను."

గంగన్న చెయ్యి చాచాడు. అంతలో జనంలోంచి, "ఆగు గంగన్నా! కాయ తీసుకోకు!" అని కేక వినిపించింది. కొండుభొట్లు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి రాజుగారికి సాష్టాంగపడ్డాడు.

"ఏమిటయ్యా ఈ గోల? శుభమా అని పండగపూట!" అన్నాడు గజరాయుడు.

"నా గోల కాదు ప్రభూ, తమ శాసనం గోల. తనది కాని ఇంట ఉండేవాడు, ఎంతటివాడైనా సరే, రాబడిలో సగం ఆ ఇంటివారికి చెల్లించాలి. ఇప్పుడే తమరు అమ్మ ముందు ఒప్పుకున్నారు, కోట తమది కాదని. కొబ్బరికాయతో సరిపెడితే శాసనం తప్పినట్టవుతుంది. తమ పరువు పోతే మేం చూస్తూ ఊరుకుంటామా?"

జనంలో గుసగుస మొదలైంది. విరూపాక్షయ్య కిరీటం చంకలో పెట్టుకుని ముందుకురికాడు. "ఏటేటా కొబ్బరికాయే ఇస్తున్నారు! అదే ఇక్కడి అద్దె!" అన్నాడు.

"చాలా సంతోషం మంత్రిగారూ. అయితే మేడవీధివాళ్ళం కూడా ఏడాదికి తలా ఒక కొబ్బరికాయ సమర్పించుకుంటాం. పీచు కూడా తియ్యం."

జనం గొల్లుమన్నారు. విరూపాక్షయ్య ముఖం కందగడ్డయింది. "అది వేరు, ఇది వేరు! పైగా ప్రభువులవారు సగం రోజులు వేటలోనే ఉంటారు. కోటలో ఉండేదెంత?"

"ఆ అడవీ అమ్మదేగా బాబూ," అన్నాడు పూజారి నెమ్మదిగా.

"అబ్బబ్బ! ఇదంతా ఏదో మాటవరసకి అనే మాటయ్యా!" అన్నాడు విరూపాక్షయ్య.

గంగన్న కళ్ళెర్రజేశాడు. "అమ్మ ముందు నిలబడి ఏటేటా మాటవరసకి చెబుతున్నారా? అయితే తాళాలు ఇక్కడే ఉంటాయి." గుత్తి తీసి అమ్మ ఒళ్ళో పెట్టేశాడు.

"మంత్రిగారూ, తమరు నోరు మూసుకోండి," అన్నాడు గజరాయుడు పళ్ళ బిగువున.

పాపం, ఆయన చెమటలు కక్కుతున్నాడు. కోట తనదంటే అమ్మకి అపచారం, ఊరు ఊరుకోదు. అమ్మదంటే సగం రాబడి ఇవ్వాలి. ఇవ్వనంటే కట్టుబట్టలతో పోవాలి. ఎంతటివాడైనా సరే అని తనే పట్టుబట్టి చెక్కించాడాయె. పైగా కిరీటం లేని నెత్తిమీద ఎండ చురచురలాడుతోంది.

"సగమా?" అన్నాడు చివరికి. "కొండుభొట్లూ, నీకు మతుందా? రాబడిలో సగం ఎత్తి ఇచ్చేస్తే నేనెలా బతకనయ్యా? ముందు అంతఃపురం తినాలి. సైన్యం తినాలి. ఏనుగులున్నాయి, వాటి తిండి నీకు తెలుసా? చెరువులకి గట్లు వేయించాలి. వానలు తప్పితే విత్తనాలకి దాచాలి. వచ్చే అతిథులు, పోయే రాయబారులు. రాబడి చూసి సగం కొట్టెయ్యడమేనా? ఏ సంసారమైనా ముందు తిండీ బట్టా చూసుకుని, రేపటికి ఇంత దాచుకుని, ఆ మిగిలినదాంట్లోంచి కదటయ్యా ఇంటికిచ్చేది! ఈ మాత్రం లెక్క తెలియదూ నీకు?"

అలా అరిచి ఆగాడు.

కొండుభొట్లు చేతులు జోడించాడు. "తెలుసు ప్రభూ. మాకందరికీ తెలుసు. తమ నోటివెంట వినాలనే ఇంత గోల చేశాను."

గజరాయుడు జనం వైపు చూశాడు. మేడవీధి వాళ్ళందరూ ముందు వరసలో ఉన్నారు. పండగకి కట్టుకున్నవి పాతబట్టలే. పిల్లల బుగ్గలు లోపలికి పోయాయి. ఒక పక్కగా నూకయ్య చేతిలో ఏమీ లేకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. గజరాయుడు అతన్ని చూశాడు, చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ చూశాడు.

"ఇంతకీ ప్రభూ," అన్నాడు గంగన్న మళ్ళీ చెయ్యి చాచి, "ఆ సగం ఎప్పుడు పంపిస్తారో చెబితే, అమ్మకో గాదె కట్టించుకుంటాం."

అంతే, గజరాయుడికి నవ్వొచ్చేసింది. మొదట ఆపుకోబోయాడు. పొట్ట కదిలింది. తర్వాత ఆగలేదు. నవ్వి నవ్వి గుడి మెట్టు మీద కూర్చున్నాడు. రాజుగారు నవ్వాక ఊరు ఊరుకుంటుందా? విరూపాక్షయ్య కూడా నవ్వాల్సొచ్చింది.

"ఆ రాయి పీకించండి," అన్నాడు గజరాయుడు కళ్ళు తుడుచుకుంటూ. "షావుకారు దగ్గర్నుంచి నూకయ్య సన్నాయి ఇప్పుడే తెప్పించండి, బాకీ మాది. గాదెలో తిరిగి పోసిన వడ్లన్నీ ఎవరివి వాళ్ళకి కొలిచి ఇవ్వండి. కొండుభొట్లూ, ఇప్పుడు చెప్పు. సగం కాకపోతే మరెంత?"

"అది ఎవరింటి లెక్క వాళ్ళది ప్రభూ. నూకయ్య ఇంట్లో తినేవాళ్ళెక్కువ, సేనాపతిగారింట్లో తక్కువ. ఇద్దరికీ ఒక కొలతేమిటి? తిని, కట్టుకుని, జబ్బుకీ జ్వరానికీ ఇంత పక్కన పెట్టుకుని, మిగిలినదాంట్లో పట్టే ఇల్లు ఎవరికి వాళ్ళు చూసుకుంటారు. మేడ పట్టేవాడు మేడలో ఉంటాడు, లేకపోతే రెండు సంసారాలు ఒక మేడ పంచుకుంటాయి. పెంకుటిల్లు పట్టేవాడు పెంకుటింట్లో ఉంటాడు. అందులో సిగ్గేముంది?"

"పొరుగురాజు మళ్ళీ వచ్చి ఓహో అంటే?"

"అననివ్వండి. ఆయన కొలువువాళ్ళు పొద్దున ఏం తిని వచ్చారో మనమూ అడుగుదాం."

గజరాయుడికి ఈ మాట భలే నచ్చింది. ఈలోగా సన్నాయి వచ్చింది. నూకయ్య దాన్ని కళ్ళకద్దుకుని వాయించడం మొదలుపెట్టాడు. మొదట్లో రెండు సార్లు తప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత ఎలా వాయించాడంటే, గంగన్న కొబ్బరికాయ కొట్టడం మరిచి నిలబడిపోయాడు.

తాళాలు రాజుగారి చేతికొచ్చాయి. కిరీటం నెత్తికెక్కింది. "కొండుభొట్లూ," అన్నాడు గజరాయుడు, "నీకేదైనా ఇవ్వకుండా ఇక్కణ్ణించి కదలను. నువ్వున్న మేడ నీకు రాసిచ్చేస్తున్నాను. అద్దె లేదు. తరతరాలూ ఉండు."

కొండుభొట్లు ఆడవాళ్ళ వరస వైపు చూశాడు. రవణమ్మ అక్కణ్ణించే వద్దు వద్దని తల తిప్పుతోంది.

"మన్నించాలి ప్రభూ. ఊరికే ఇచ్చినా అది నా జీతానికి పెద్దిల్లు. సున్నం ఎవరు కొట్టిస్తారు? అన్ని గదులకి దీపాలెవరు పెడతారు? ఊడ్చి ఊడ్చి మా ఆవిడ నడుం పడిపోయింది. కాలవ అవతల లచ్చయ్య పెంకుటిల్లు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడికి పోనివ్వండి, అదే పదివేలు."

"మేడ వద్దనేవాణ్ణి నిన్నే చూశాను!" అని గజరాయుడు మళ్ళీ నవ్వాడు. "సరే పో. కానీ ఉత్త చేతులతో పంపను. మా కొట్టంలోంచి మేలుజాతి పాడిగేదె ఒకటి తోలుకుపో."

కొండుభొట్లు దణ్ణం పెట్టాడు గానీ కదల్లేదు.

"ఇంకా ఏమిటయ్యా?"

"గేదె బాగానే ఉంటుంది ప్రభూ. అది రోజుకి ఎంత గడ్డి తింటుందో అని లెక్క చూసుకుంటున్నాను."

గజరాయుడు పొట్ట పట్టుకున్నాడు. "మంత్రిగారూ! గడ్డి కూడా రాసుకోండి! ఏడాది పొడుగునా!" అని నవ్వు మధ్యలోంచే కేకేశాడు. విరూపాక్షయ్య రాసుకున్నాడు.

గేదె వచ్చింది, గడ్డి వచ్చింది. కుడితి తొట్టి ఒక్కటే కొండుభొట్లు సొంతంగా కొనుక్కున్నాడు. అంతమట్టుకు ఆయన జీతానికి పట్టింది.